గంటలో విజయవాడ అట!

"265 కిలోమీటర్లు, గంట ప్రయాణం. కారులో ఎందుకండీ నడుము విరగ్గొట్టుకోవడం?" అని మా బావగారికి ఫోను చూపించి మరీ చెప్పాను. ఆ లెక్క శంషాబాద్ రన్‌వే నుంచి గన్నవరం రన్‌వేకు. రన్‌వే మీద కాపురం ఉండేవాళ్లకు అది సరిపోతుంది. మేముండేది మియాపూర్‌లో. వెళ్లాల్సింది లబ్బీపేటలో గృహప్రవేశానికి.

శ్రావణ మాసం, ఉదయం ఆరుంబావు. ఆయన కారులో, నేను క్యాబ్‌లో ఒకేసారి బయలుదేరాం. నా విమానం తొమ్మిదిన్నరకు. కౌంటర్ గంట ముందే మూసేస్తారు కదా, ఔటర్ మీద ఎక్కడైనా ఇరుక్కుంటే అన్న భయానికి ఇంకో అరగంట. బెల్టు విప్పి, ట్రేలో పెట్టి, మళ్లీ బిగించుకుని, ఇడ్లీ ధర చూసి కాఫీతో సరిపెట్టుకున్నాను. విమానం మెట్లెక్కుతుండగా బావగారి నుంచి ఫొటో వచ్చింది: సూర్యాపేటలో పెసరట్టు, పక్కన అల్లం పచ్చడి.

మాది ఏటీఆర్, రెక్కలకు పంకాలుండే చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది కాబట్టి అరగంటలో దిగాలని నా అంచనా. కానీ విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది. తూర్పున ఉన్న విజయవాడకు వెళ్లాల్సిన మేము వికారాబాద్ వైపు లేచి, అప్పుడు వెనక్కి తిరిగాం. గన్నవరంలోనూ అదే తంతు. రన్‌వే దాటి ఇంకా తూర్పుకు పోయి, అక్కడి నుంచి చుట్టి వచ్చి దిగాం. ఫోను గీసిన గీతలో ఈ మలుపులేవీ లేవు. టైంటేబుల్లో రాసే గంట మాత్రం వీటన్నిటినీ కలుపుకున్నదే. విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, అటువైపు నిలిచేదాకా లెక్కిస్తారు. ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి లెక్కించేవాళ్లు మాత్రం ఎవరూ లేరు!

సూట్‌కేసు కోసం ఇరవై నిమిషాలు. గన్నవరం నుంచి ఊళ్లోకి ఇంకో ఇరవై కిలోమీటర్లు. లబ్బీపేట చేరేసరికి పన్నెండు. బావగారు అప్పటికే మొదటి బంతిలో పులిహోర కలుపుకుంటున్నారు.

బేగంపేటలో విమానం ఎక్కే రోజుల్లో ఈ లెక్క కొంత నయంగా ఉండేది. 2008 మార్చిలో శంషాబాద్‌కు మారాక, నగరానికి వాయవ్య మూలనున్న మాలాంటివాళ్లకు ఆకాశం ఎక్కడానికి పట్టే సమయం ఆకాశంలో ఉండే సమయాన్ని మించిపోయింది.

నేను విమానాలకు వ్యతిరేకిని కాదు. చిన్న ఊళ్లకూ విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాద్ సర్వీసు మొదలైతే సంబరపడ్డవాణ్నే. తిరుపతి రోడ్డు మీద 550 కిలోమీటర్లు దాటుతుంది, అక్కడి రేణిగుంట విమానాశ్రయం ఊరికి దగ్గర. అక్కడికి విమానమే మేలు. విదేశం నుంచి వచ్చి శంషాబాద్‌లో విమానం మారేవాళ్లకు గన్నవరం సర్వీసు వరమే. మియాపూర్‌వాడికి విజయవాడ అంటే మాత్రం కారు, బస్సు, లేదంటే సికింద్రాబాద్‌లో వందేభారత్. అదైతే దాదాపు నాలుగు గంటలు.

తిరుగు టికెట్ కూడా ముందే తీసుకున్నాను. సాయంత్రం బావగారి కారు వెనక సీట్లో కూర్చుని, చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర దాన్ని రద్దు చేశాను. ఎంత వెనక్కి వచ్చిందో మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.