మడి కట్టుకున్న వాష్‌డ్ కాఫీ గారికి

మహారాజశ్రీ 'ప్లాంటేషన్ ఏ' అనే గ్రేడు బిరుదు గల అరబికా కాఫీ గారి సముఖమునకు,

బెంగళూరు నుంచి రోజుకి మూడు గ్లాసులు తాగే మీ భక్తుడు రాయు లేఖ. ఇచ్చట నేను క్షేమం, బస్తా రేటు చూస్తుంటే తమరూ క్షేమమే అని తెలుస్తోంది, మనిద్దరి మధ్యలో ఉన్న ఏరు ఎలా ఉందో అడిగే నాథుడే లేడు, అందుకే ఈ ఉత్తరం.

మా నాయనమ్మ కూడా మడి మనిషే. తెల్లారి బావి దగ్గర నాలుగు చేదలు పోసుకుని తడిచీరతో వంటింట్లోకి వెళ్లిందంటే ఇక మధ్యాహ్నం దాకా ఆవిణ్ణి ఎవరం ముట్టుకోకూడదు. తమరు ఆవిడకి నాయనమ్మ. పండు కోసిన రోజే తొట్టెలో వేసి తేలినవి తీసేయాలి, పల్పర్‌లో నీళ్లు పోస్తూ తొక్క ఊడదీయాలి, గింజని పట్టుకున్న జిగురు వదలడానికి ట్యాంకులో ఒక రోజో ఒకటిన్నర రోజో పులియబెట్టాలి, తర్వాత కడగాలి, మళ్లీ కడగాలి, ఇన్నయ్యాక గానీ ప్యాకెట్ మీద 'వాష్‌డ్' అని వేయించుకోరు. అదే పండుని తొక్కతోనే ఎండబెడితే దాని పేరు చెర్రీ కాఫీ, దానికి రేటు తక్కువ, స్నానం చెయ్యలేదుగా పాపం. సరే మడి అంటే మడే, కాదనను, కానీ మా నాయనమ్మ స్నానం నీళ్లు అరటిచెట్ల పాదుల్లోకి పోయేవండీ. తమరివి?

పోయిన జనవరిలో కూర్గ్ వెళ్లాం. హోమ్‌స్టే వెనక చిన్న వాగు, కావేరిలో కలిసేదే, ఫోటోల్లో అద్దంలా ఉంది కదా అని ప్యాంటు మడిచి దిగబోయా. నీళ్లు కషాయం రంగులో ఉన్నాయి, రాళ్ల దగ్గర నురగ, దాని మీద మీగడ కట్టినట్టు బంకగా ఒక పొర, వాసనేమో పనసపండు కుళ్లి వారమైనట్టు. ఒక గుంటలో వేలెడంత చేపలు నాలుగు తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. వంటచేసే అక్క పైనుంచి అరిచింది, 'పల్పింగ్ టైమ్ సార్, నీరు ముట్బేడి' అని. ముట్టుకోవద్దంట! మడి కట్టుకుంది తమరు, అంటు పడింది వాగుకి.

విషం కలిపారని అనట్లేదు, ఎక్కువగా పండులో ఉన్న చక్కెరా, పెక్టిన్ అనే జిగురే కదా. కానీ బ్యాక్టీరియాకి అది పెళ్లి భోజనం, అవి తింటూ తింటూ నీళ్లలో ఆక్సిజన్ మొత్తం లాగేస్తాయి, చేపలకి ఊపిరాడదు. ఆ బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే లెక్కని బీఓడీ అంటారు, ఇళ్ల డ్రైనేజీ నీళ్లకి అది లీటరుకి 200, 300 మిల్లీగ్రాములు ఉంటుంది, తమరి స్నానం నీళ్లది వేలల్లో, చిక్కగా ఉంటే 10,000 కూడా దాటుతుంది, పైగా పులిసి పీహెచ్ 4 దగ్గరికి దిగుతుంది, అంటే బాగా పులుపన్నమాట. మా డ్రైనేజీయే తమరికంటే మడిగా ఉందండీ!

ముహూర్తం కూడా చూడండి. జూన్ జులైలో కూర్గ్‌లోని భాగమండలలో కావేరి వీధుల్లోకి వస్తుంది, ఎంత కలిపినా కొట్టుకుపోతుంది, అప్పుడు తమరు చెట్టుమీద పచ్చికాయలు. వానలు పోయి వాగు చీలమండ లోతుకి వచ్చాక, డిసెంబరు జనవరిల్లో, ఎర్రగా పండి స్నానానికి బయల్దేరతారు.

కుళాయిలో తమరే వస్తున్నారని అనట్లేదు, మధ్యలో కేఆర్ఎస్ డ్యామ్ ఉంది, ఫిల్టర్ ప్లాంట్లు ఉన్నాయి, అవన్నీ దాటి 100 కిలోమీటర్లు పంపుల్లో ఎక్కి వస్తే గానీ బెంగళూరుకి కావేరి రాదు. అయినా డికాక్షన్‌లో పోసేది ఆ కావేరినే కదా, పొద్దున్నే కొంచెం మొహమాటంగా ఉంటోంది.

దారి లేక కాదు. కడిగిన నీళ్లే మళ్లీ తిప్పి వాడొచ్చు, నీళ్లు తక్కువ తాగే ఎకో పల్పర్లు ఉన్నాయి, సున్నం వేసి పులుపు విరిచి గుంటల్లో నిలబెట్టి బయోగ్యాస్ తీస్తున్నారు, తొక్కైతే బంగారం లాంటి ఎరువు. అవన్నీ సరిగ్గా చేసే ఎస్టేట్లూ ఉన్నాయి, వాళ్లకి దణ్ణం. గుంట తవ్వి, ఇన్‌స్పెక్షన్‌కి చూపించి, రాత్రి గండి కొట్టే వాళ్లకి వేరే దణ్ణం.

మావాళ్లేదో శుద్ధులని కాదు. అరకు కాఫీకి 2019లో జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు నేనూ స్టేటస్ పెట్టా. అక్కడా కడుగుడే, అక్కడ గెడ్డలు, అంటే కొండవాగులు, ఇంకా సన్నం, కింద ఊళ్లో బిందె ముంచేది ఆ గెడ్డలోనే. చింతపల్లి వైపు ఎకో పల్పింగ్ పెట్టారని విన్నప్పుడు స్టేటస్ పెట్టలేదు, అప్పుడే పెట్టాల్సింది.

ఇట్లు,
గ్లాసు కిందపెట్టలేని భక్తుడు

తా.క.: మొన్న తమరి మీద అలిగి పావుకిలో చెర్రీ కాఫీ తెచ్చా. మా ఆవిడ ఒక గుక్క తాగి, 'ఏంటిది, స్నానం చెయ్యకుండా వచ్చినట్టుంది' అంది. రెండో గ్లాసు మాత్రం అడిగింది.