పర్లాకిమిడి పెళ్లిలో అపశ్రుతి

పైమాటే చుట్టాల గ్రూపులో పెట్టారు మాస్టారు. అరగంటలో పదకొండు ఫోన్లు. "షామియానా కూలిపోనాదా బావా?" "ఎందర్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు?" తప్పు వాళ్లది కాదు. ఆ మాటను సంగీతం దగ్గర్నుంచి మన పత్రికలు ఎప్పుడో ఎత్తుకుపోయాయి. ఊరేగింపులో కరెంటు తీగ తెగితే అపశ్రుతి. శ్రుతి తప్పితే అపశ్రుతి అంటే ఎవరూ నమ్మరు.

జరిగింది మాత్రం శ్రుతి గొడవే. సన్నాయి రెండు శ్రుతిలో ఉంది. బ్యాండు రెండున్నరలో ఎత్తుకుంది. హార్మోనియం మీద చూస్తే పక్క మెట్టే. ఆధార షడ్జం, అంటే మొదటి 'స', సన్నాయిది సెకనుకి 294 కంపనాలైతే బ్యాండుది 311. ఆ 17 తేడాయే చెవిలో గరగరలాడుతుంది. మధ్యమమో పంచమమో అయ్యేంత ఎడముంటే ఎలాగో సర్దుకునేది. దగ్గరి చుట్టాల మధ్యే కదా తగువులు. బాకా గొట్టం కాస్త బయటికి లాగితే శ్రుతి దిగుతుంది గానీ, మెట్టంతా దింపాలని లాగితే మిగతా స్వరాలు ఒకదానితో ఒకటి పడవు. పైగా పెళ్లికొడుకు గుర్రం ఎక్కేశాక గొట్టాలు సరిచూసేదెవరు?

తెలుగు మాట అక్కరకు రాలేదని మాస్టారు ఇంగ్లీషు వెతికారు. 'డిస్కార్డెంట్' అందరి నోటా నలిగింది. 'కాకోఫనీ'లో కాకి లేదు. గ్రీకులో 'కకోస్' అంటే చెడ్డ, మన కాకిగోలతో పోలిక కాకతాళీయం. చివరికి 'అబ్సొనెంట్' దొరికింది. లాటిన్‌లో 'అబ్' అంటే దూరంగా, 'సొనారే' అంటే మోగడం. కలిసి మోగితే 'కాన్సొనెంట్', ఎడంగా మోగితే ఇది. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద. పాటకే కాదు, బుద్ధికో స్వభావానికో పొసగనిదానికీ వాడొచ్చు, వెనక 'టు' గానీ 'ఫ్రమ్' గానీ చేర్చి: 'అబ్సొనెంట్ టు రీజన్' అంటే తర్కానికి పొసగనిది. పాత పుస్తకాల్లో తప్ప కనపడదు. 'అబ్సర్డ్' దీనికి వరసకు చుట్టమే. లాటిన్‌లో దాని మూలానికి శ్రుతి తప్పినదనే అర్థం ఉండేది. బ్యాండుకి బాకీ ఉన్న వెయ్యి రూపాయలు ఎగ్గొట్టడానికి ఇంత పాత మాట కావాలా అంటే, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు మరి.

'యువర్ బ్యాండ్ వాజ్ అబ్సొనెంట్' అని బ్యాండు మేస్త్రికి కొట్టారు. ఫోను దాన్ని 'ఆబ్సెంట్' అని దిద్ది పంపింది.

తెల్లారేసరికి బ్యాండు మేస్త్రి గుమ్మంలో ఉన్నాడు. "ఆగ్యా! ఆబ్సెంటంతారేటి? రాత్రి రెండయ్యేదాకా వాయించినాం. మా ముందే చెవులు మూసుకోని నిలబడ్డారు మీరు. ఇదిగో, వీడియోలో ఉన్నారు!"

వెయ్యీ చెల్లించక తప్పలేదు.

ఆ మంటతో మాస్టారు కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, డిక్షనరీ, అందులో పర్సనల్ డిక్షనరీ తెరిచి, ప్లస్ గుర్తు నొక్కి 'అబ్సొనెంట్' చేర్చారు. ఇలా చేరిస్తే ఫోను దాన్ని దిద్దదు, పైగా మొదటి అక్షరాలు కొడుతుంటే తనే అందిస్తుంది.

వారం తిరక్కుండా మనవడు అదే ఫోన్లో బడికి సెలవు చీటీ కొట్టాడు, ఫోను అందించిందల్లా నొక్కుకుంటూ. 'ఐ విల్ బి అబ్సొనెంట్ టుమారో.'

టీచరమ్మ డిక్షనరీ చూసినట్టుంది. "రేపేటి, రోజూ అంతే" అని జవాబొచ్చింది.