కొరివి దెయ్యానికి క్షమాపణ, కల్వకుర్తి వైపు నుంచి

కొరివి దెయ్యం గారికి,

బావి గట్టు, చింతల తోపు, ఊరి బయట కల్వర్టు. మీ అడ్రస్ ఏదో తెలియక మూడూ రాశాను. ఈ 'మీరు' కూడా ఇక్కడితో ఆపేస్తా, చిన్నప్పటి నుంచి ఎరిగినదానివేగా.

సంగతేమిటంటే, నీ మీద మా ఇంట్లో ఉన్న కేసులన్నీ వాపసు తీసుకుంటున్నాం.

మొదటి కేసు మా నాయనది. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది గానీ ఇచ్చేది ఏడు గంటలు, అదీ ముక్కలు చేసి, ఒక ముక్క అర్ధరాత్రి. రెండింటికి లేచి, కండువా చెవులకు చుట్టుకుని, బీడీ ముట్టించుకుని స్టార్టర్ నొక్కడానికి బావికి పోయేవాడు. ఒకరాత్రి ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. దూరంగా ఎర్రటి నిప్పు, మనిషి మూతి ఎత్తున, వెలుగుతూ ఆరుతూ తనవైపే వస్తోందట. మూడు రోజులు జ్వరం. వారం తర్వాత తెలిసింది, పక్క చేను ఆయనకూ అదే రాత్రి అదే జ్వరమని. ఆయన చూసిన నిప్పు మా నాయన బీడీ.

2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలైంది, ఆ తర్వాత మా శివారులో నువ్వు ఎవరికీ కనపడలేదు. భూతవైద్యుడి వల్ల కాని పని లైన్‌మన్ చేశాడు. పాములు మాత్రం నిజం, షాకులు నిజం. రాత్రి కరెంటుకు పోయి తిరిగి రాని వాళ్ళను కూడా మేం చాలాకాలం నీ ఖాతాలోనే రాశాం, అందుకు సారీ.

రెండో కేసు ముత్తాతది. దొర గడి వెనక చింతచెట్టు మీద నువ్వు కాపురం ఉన్నావని ఊరంతా నమ్మేది. చీకటి పడితే ఒక్క కాయ తెంపడానికి ఎవరికీ ధైర్యం లేదు. కాపలావాడి జీతం మిగిలింది ఎవరికి, నీకా? నల్లగొండ పల్లెల్లో 1946 నుంచి 51 దాకా జనం గుత్పలు పట్టుకుని గడుల మీదికి పోయినప్పుడు వాళ్ళలో నిన్ను చూసి వెనక్కి తిరిగినవాడు ఉన్నాడని నేనైతే వినలేదు. ముత్తాత భయం అసలు నువ్వు కాదనుకుంటా. తండ్రి చేసిన అప్పుకు ఆయన జీతగాడయ్యాడు, ఆయన పోతే ఆ జీతం కొడుకు నెత్తిన పడేది. హైతీలో మీ చుట్టం జాంబీ కథ కూడా ఇదే. 1804లో స్వాతంత్ర్యం తెచ్చుకోక ముందు అక్కడ ఫ్రెంచివాళ్ళ చెరుకు తోటల్లో బానిసలుగా చాకిరీ చేసినవాళ్ళకు చావంటే అంత భయం లేదు, చచ్చాక కూడా లేపి తోటకే తోలుతారేమోనన్నదే భయం. పెరూ కొండల్లో ఇంకొకడున్నాడు, పిష్టాకో అని. కూలివాళ్ళ ఒంట్లో కొవ్వు తీసి ముందు గంటల పోతకు వాడేవాడని, తర్వాత యంత్రాలకు కందెన వేసేవాడని చెప్పుకుంటారు. పేరు చెబితే వీపు పగలగొట్టేవాడు ఊళ్ళో ఉన్నప్పుడు, ఆ పేరు బదులు నీ పేరో మీ చుట్టాల పేరో చెప్పుకోవడం అంతటా ఉన్న అలవాటే, పాలమూరోళ్ళం మేం కొత్తగా కనిపెట్టింది కాదు.

మూడోది నాయనమ్మది. అడ్వాన్స్ ఇచ్చిన మేస్త్రి లారీ ఎక్కిస్తే పోయి నాగార్జునసాగర్‌కు రాళ్ళు మోసింది. 1955లో పునాదిరాయి పడిన పని, కాలువలకు నీళ్ళు వదిలేసరికి 1967. కట్ట నిలవాలంటే గంగమ్మ పిల్లను అడుగుతుందని గుడిసెల్లో పుకారు, అందుకని నాయనను చీరకొంగుతో నడుముకు కట్టుకునే తిరిగేదట. గంగమ్మ ఎవరినీ అడగలేదు. నాయన మాత్రం బడి ముఖం చూడలేదు. ఆ నీళ్ళు మా ఊరికి రాలేదు కూడా.

ఇప్పుడు తమ్ముడి సంగతి. ఫోన్‌లో ఏదో యాప్ నొక్కి 5,000 అప్పు అడిగితే చేతికి 3,200 పడింది, వారంలో మొత్తం కట్టాలి. కట్టలేదు. నీకు పాదాలు వెనక్కి ఉంటాయంటారు, వీళ్ళకు అసలు కాళ్ళే లేవు, గొంతు ఒక్కటే. తమ్ముడి ఫోటోను ఏదేదో చేసి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నింటికీ పంపారు, మా చిన్నత్తకు, సార్‌కు, ఎరువుల షాపాయనకు. పెద్ద వయసు కదా, నాయనమ్మకు ఇదేం గాలో అర్థం కాలేదు. ఒకరాత్రి చూస్తే ఫోన్ కింద పాత చెప్పు, పక్కన చీపురు పెట్టి ఉన్నాయి. నవ్వు రాలేదు.

ఆ బాకీ తీర్చడానికి వాడు బండి మీద ఇంకో అప్పు తెచ్చాడు. ఆ వసూలు కుర్రాడికి కాళ్ళున్నాయి, ప్రతి మంగళవారం పొద్దుగూకే వేళ కల్వర్టు మీదుగా వస్తాడు. పాపం వాడిదీ టార్గెట్ ఉద్యోగమే, కాబట్టి గట్టిగా ఏం చెయ్యకు. ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా, వచ్చే మంగళవారం కాసేపు అక్కడ నిలబడు చాలు.

నిప్పుకు ఇబ్బందైతే చెప్పు, నాయన బీడీ కట్ట ఇస్తానన్నాడు.