నూరు కోట్ల ఏడు గారికి

మహారాజశ్రీ 1000000007 గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అందామంటే, తమరు కుశలమే గాని, నిన్న మధ్యాహ్నం ఉద్యోగం కోసం ఆన్‌లైన్‌లో కోడింగ్ పరీక్ష రాసి లేచినప్పటి నుంచి నాకు కుశలం లేదు. ప్రశ్న చివర "జవాబును 1000000007తో భాగించగా వచ్చే శేషాన్ని ముద్రించండి" అని కనబడగానే మరీ పెద్ద జవాబులను కుదించడానికి ఇలాంటి పరీక్షల్లో తరచు వాడే సంఖ్య తమరే కనుక పాత చుట్టం ఎదురైనట్టు సంబరపడి, కళ్ళు మూసుకుని తమ పేరు టైప్ చేశాను.

తమరి గొప్ప కాదనను. పది అంకెల ప్రధాన సంఖ్యల్లో అందరికన్నా చిన్నవారు తమరే. తమరిచ్చే శేషాలు రెండింటిని కూడితే మామూలు 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647 దాటదు, గుణిస్తే 64 బిట్లలో ఒదుగుతుంది. తీసివేతలో శేషం సున్నా కిందికి జారితే తమరిని మళ్ళీ కలపడం మరిచి ఎన్నిసార్లు భంగపడ్డానో ఇప్పుడు ఎత్తను. ముందు రెండింటి మొత్తమే తర్వాతిదయ్యే ఫిబొనాచి సంఖ్యలను, 5 వర్గమూలం వాడే సూత్రంతో రాబడదామంటే 5కు తమ దగ్గర వర్గమూలం దొరకదు, అంటే ఏ సంఖ్య వర్గాన్ని తమరు భాగించినా 5 మిగలదు. తమ కవల 1000000009 గారి దగ్గర దొరుకుతుంది. అదీ పోనివ్వండి.

నా బాధ సున్నాల గురించి. ఒకటికీ ఏడుకూ మధ్య తమకున్నవి ఎనిమిది, నేను కొట్టినవి ఏడు. ఒక సున్నా ఎక్కువ కొట్టినా బాగుండేది, ఎందుకంటే 10000000007ని 23 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక ప్రధాన సంఖ్యలకే నమ్మకంగా పనిచేసే ఫెర్మా చిన్న సిద్ధాంతంతో కట్టిన విలోమాలు (శేషాల లెక్కలో భాగించడానికి బదులు గుణించే సంఖ్యలు) చెడిపోయి, ప్రశ్నతో ఇచ్చిన మొదటి నమూనా పరీక్షలోనే గుట్టు రట్టయ్యేది. కానీ 100000007 కూడా ప్రధాన సంఖ్యే, తొమ్మిది అంకెల వాటిలో అతి చిన్నది! తమ వంశమంతా ఇంతేనా? ఆ తమ్ముడుగారి పుణ్యమా అని విలోమాలు చక్కగా కుదిరాయి, నమూనా జవాబులు 6, 20, 184756 మూడింటికీ పచ్చ టిక్కులు పడ్డాయి. పది కోట్లు దాటని జవాబును అన్న భాగించినా తమ్ముడు భాగించినా మిగిలేది ఒకటే కదా. దాచి ఉంచిన పెద్ద పరీక్షలు మాత్రం వరుసగా ఎర్రబడ్డాయి.

గంటా ఇరవై నిమిషాలు నా సూత్రాన్ని అనుమానించాను, లూపును అనుమానించాను, చివరికి పదిహేడో శతాబ్దపు ఫెర్మాను కూడా అనుమానించాను. తెర మీద వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టాలన్న బుద్ధి గడువు ముగిశాక పుట్టింది. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను, ఏడే. కిరాణా కొట్టు పద్దులోనైనా 1,00,00,00,007 అని కామాలు పెట్టి రాస్తారు, కోడ్‌లో ఆ కామాలు చెల్లవు. మనిషి కంటికి ఆనని ఆ సున్నాల వరుస ఎవడిని ఉద్ధరించడానికయ్యా?

వచ్చే ఆదివారం ఇంకో పరీక్ష ఉంది. అక్కడా తమరే ఉంటారని తెలుసు. తమ పేరును చీటీ మీద రాసి మానిటర్ అంచున అంటించుకున్నాను. రాసేటప్పుడు సున్నాలను అమ్మ చేత కూడా లెక్కపెట్టించాను.

ఇట్లు,
తమరు భాగించగా మిగిలిన
శేషుడు