ఇటలీ రాయి మీద చింతపండు పులుసు

బెంగళూరులో థర్టీ ఫార్టీ సైటు కొని ఇల్లు మొదలుపెట్టే తెలుగువారికి నాదొక విన్నపం. ఇల్లు ఎవరి కోసం కడుతున్నారో ముగ్గు పోసే ముందే తేల్చుకోండి. మేం తేల్చుకోక ఆరు నెలలు నష్టపోయాం. ఆ ఇంట్లో తను ఉండబోతోందని మా అమ్మ అనుకుంది. నేనూ, మా ఆవిడా కూడా కొన్నాళ్ళు అదే భ్రమలో ఉన్నాం. గృహప్రవేశం నాడు వచ్చి, రెండు గంటలుండి, భోంచేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్ళే మూడొందల మంది కోసం కడుతున్నామని ఆర్కిటెక్టు త్రీడీ బొమ్మ చూపించాక గానీ బోధపడలేదు. ఆ బొమ్మలో గేటు ముందు పొడుగాటి కారుంది. కుక్కను పట్టుకుని ఎవరో తెల్లావిడ నడిచి వెళ్తోంది. మా అమ్మ ఎక్కడా లేదు.

ముందు నేల సంగతి. మాది ప్రొద్దుటూరు వైపు. మా జిల్లాలో భూమిని తవ్వితే రాయి పొరలు పొరలుగా లేచి వస్తుంది. బెంగళూరులోనూ చెన్నైలోనూ వంటింటి అలమారాల్లో అరలుగా పరిచే నల్ల బండ అదే. తమిళులు దాన్ని కడప్పా కల్లు అనే పిలుస్తారు. సొంత జిల్లా రాయిని సొంత ఇంట్లో నలుగురూ తిరిగే చోట పరిస్తే పరువేం కాను? దాన్ని అరల్లో వేసి తలుపులు బిగించేయాలి. నేలకు మాత్రం ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చిన రాయే ఉండాలి.

బెంగళూరు శివారు జిగణిలో మార్బుల్ యార్డుకి అమ్మను తీసుకెళ్ళడం మా తప్పే. సేల్స్ కుర్రాడు నిలబెట్టిన స్లాబు మీద బకెట్టెడు నీళ్ళు కొట్టాడు. రాయి తళతళలాడింది, మేం ఆహా అన్నాం. అమ్మ దాని వెనక్కి వెళ్ళింది. అక్కడ దోమతెర లాంటి వల అతికించి ఉంది. "ఇదేందిరా, రాయికి కట్టు కట్టినారు?" అంది. పగలకుండా రెసిన్ పూసి వల వేస్తారని కుర్రాడు హిందీలో వివరించాడు. అమ్మ బొటనవేలితో రాయిని రుద్ది చూసి, "పులుసు వొలికితే ఎట్ల?" అనడిగింది. కుర్రాడు మళ్ళీ నీళ్ళు కొట్టాడు.

ఇందులో ఉన్న కెమిస్ట్రీ చిన్నదే. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. చింతపండైనా నిమ్మకాయైనా, పులుపు పడితే పాలిష్ పోతుంది. పసుపు పడితే లోపలికి ఇంకిపోతుంది. (మా కడప బండా సున్నపురాయే, దానికీ పులుపు గిట్టదు. కానీ దాని మొహం చూసేదెవరు?) తెలుగువాడి కంచంలోంచి పులుపూ పసుపూ తీసేస్తే తెల్లన్నం మిగులుతుంది. కాబట్టి శాస్త్రీయంగా ఆలోచిస్తే వంట మానేయడమే మార్గం. అంత త్యాగం చేయలేనివాళ్ళు మాలాగా రెండు వంటిళ్ళు కట్టుకోవాలి. హాల్లోంచి కనబడే ఓపెన్ కిచెన్‌లో పొయ్యి వెలగదు. వెనక సెట్‌బ్యాక్‌లో, అంటే ప్రహరీకీ ఇంటికీ మధ్య ఖాళీగా వదలాల్సిన జాగాలో, రేకు కింద ఉన్నదాంట్లో తాలింపు వేస్తాం. సెట్‌బ్యాక్‌లో రేకు వేయకూడదని రూలుంది, నిజమే. తాలింపు ఘాటు సోఫాకు తగలకూడదన్నది అంతకన్నా పెద్ద రూలు.

హాలుకు డబుల్ హైట్ పెట్టించాం. పన్నెండు వందల చదరపుటడుగుల సైటులో డబుల్ హైట్ అంటే పైన రావలసిన ఒక గదిని గాలికి వదిలేయడమే. ఆ గది అమ్మది. బల్బు మాడితే మార్చడానికి సారవ కట్టాలి. పడమర గోడంతా గాజు. ఫ్యాను లేకుండా బతికిన పాత బెంగళూరు మీద మా ఆర్కిటెక్టుకి ఇంకా నమ్మకం పోలేదు. 2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్ళో 39.2 డిగ్రీల ఎండ కాసింది. అందుకని వెలుతురు కోసం పెట్టిన గాజుకు మందపాటి పరదాలు వేసి, చీకటిగా ఉందని పట్టపగలే లైట్లు వేసుకుంటున్నాం. బాత్రూములో పళ్ళెమంత రెయిన్ షవర్ కూడా ఉంది. 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న ఊరిది. ఆ షవర్ కింద నిలబడి అమ్మ చెంబుతోనే పోసుకుంటుంది.

పార్కింగ్ దగ్గరికి వచ్చేసరికి డబ్బులు అయిపోయాయి. దాని డిజైన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రి బెంగళూరు పక్కనే దొరికే సాదరహళ్ళి బండలు తెచ్చి, గరుకు గరుకుగానే పరిచేసి వెళ్ళిపోయాడు.

మొన్న జనవరిలో, అనపకాయల కాలంలో, ఊరి నుంచి మా మేనమామ వాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చారు. అమ్మ చేట ముందు పెట్టుకుని ఆ బండల మీదే కూర్చుంది, పక్కింటి కన్నడ అజ్జి ఎదురుగా. ఇద్దరూ నానిన గింజలు పితుకుతున్నారు. లోపలికి రమ్మని పిలిచాను. "లోపల జారుతాది, నువ్వు పో నాయనా" అంది.

మామ చెప్పులు విప్పి అక్కడే చతికిలబడ్డాడు. అత్త చేట తన వైపు లాక్కుంది. నేను హాల్లో లైట్లన్నీ వేసి, మార్బుల్ మధ్యలో నిలబడి ఉన్నాను.