నెత్తికెక్కిన పెట్టెకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ వీఆర్ హెడ్‌సెట్ గారికి,

నెల్లూరు, మూలాపేట నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే బీరువా మీద, పాత సూట్‌కేసు పక్కన. గారు అన్నది పై వరుస వరకే, ఏమీ అనుకోవద్దు. కళ్లకు తగిలించుకుంటే ఇంకో లోకంలో ఉన్నట్టు చూపించే నిన్ను మా బావమరిది అమెరికా నుంచి విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కొత్తల్లో నిజంగానే గారూ అనేవాళ్లం. ఎండ పడితే నీ అద్దాలు భూతద్దంలా పనిచేసి లోపలి తెరను కాల్చేస్తాయని వాడు చెప్పిపోయాడు. మాది అసలే నెల్లూరు ఎండ. కిటికీలకు దుప్పట్లు కట్టి నిన్ను కాపాడుకున్నాం. కొత్త కోడలిగా వచ్చినప్పుడు తనకే అంత మర్యాద జరగలేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

నీ పేరూ, నీ కంపెనీ పేరూ రాయను. ఇంటి గుట్టు వీధిలో పెట్టడం మా ఇంటావంటా లేదు. పైగా నీ ఒంటి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. లేచి నిలబడి నాలుగడుగులు వేసే ఆటలకు కూడా కంప్యూటరు, వైరు అక్కర్లేదని 2019 మేలో ఓక్యులస్ క్వెస్ట్ అనే హెడ్‌సెట్ వచ్చి చూపించింది. మరుసటి ఏడాది అక్టోబరులో క్వెస్ట్ 2 వచ్చి 299 డాలర్లకే అంతకన్నా మంచి బొమ్మ చూపించింది. అంతటి వంశంలో పుట్టావు. నా బాధంతా నీ కడుపులో ఉన్న యాప్‌ల అంగడి గురించి.

ఈ ఊళ్లో హోటల్లో కూర్చుంటే సర్వర్ వచ్చి ఇడ్లీ, వడ, పూరి, పెసరట్టు, కారం దోసె, రవ్వ దోసె అని ఊపిరి తీసుకోకుండా చదువుతాడు. పెసరట్టు అంటే ఇప్పుడే అయిపోయింది సార్ అంటాడు. కారం దోసె అంటే పెనం ఇంకా కాలలేదంటాడు. చివరికి ఇడ్లీ తిని లేస్తాం. నీ అంగడిలో ఆ ఇడ్లీ పేరు జాంబీ, అదే లేచి తిరిగే శవం. జాంబీని కాల్చే ఆట, జాంబీని నరికే ఆట, జాంబీ మనల్ని తరిమే ఆట. వరస మారిస్తే కాళ్లు లేని గొరిల్లా చేతులతో గెంతే ఆట, దాన్ని చూసి వాళ్లు చేసింది, వాళ్లను చూసి వీళ్లు చేసింది. ఆ పక్కన రోలర్ కోస్టర్లు. వాటి గురించి మా బాత్‌రూమ్‌ను అడుగు, చెబుతుంది.

మా అమ్మ సంగతి చెప్పాలి. మోకాళ్ల నొప్పులతో గుడికి పోలేకపోతోంది కదా, "ఇందులో రంగనాయకులు కనపడతాడేమో చూడరా" అంది. పెన్నా ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి మా ఇంటికి ఎంతో దూరం లేదు, కానీ ఆమెకు అదే ఇప్పుడు కాశీ. గుడి అని వెతికితే నీ అంగడి చూపించింది ఈజిప్టు సమాధి. సరే అదైనా చూస్తుందని పెడితే, ఏ బటన్ నొక్కిందో, ఇంకో ఆట తెరుచుకుంది. ఒక జాంబీ ఈమె ముఖం దగ్గరకు వచ్చి నోరు తెరిచింది. ఆమె జడుసుకోలేదు. "ఎవుర్రా ఈయన, పాపం, రెండు రోజుల్నించి అన్నం తిన్నట్టు లేడే?" అని అడిగింది. నీ అంగడి మొత్తం మీద అంతకన్నా మంచి రివ్యూ నేను చదవలేదు.

తర్వాత విడవలూరు నుంచి మామ వచ్చాడు. ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగి రొయ్యకు ఊపిరి ఆడదని నిద్రలోనే టెన్షన్ పడే మనిషి. చేపలు పట్టే ఆట పెట్టాను. నిజం చెప్పాలంటే అది బాగుంటుంది. నీళ్లు, కొండలు, నిదానం. మామ సోఫాలో కూర్చుని గంటన్నర గాలం వేశాడు. జీవితంలో మొదటిసారి మేత ఖర్చు లేకుండా చేపలు పడుతుంటే ఆయన ముఖం చూడాలి. సరిగ్గా పెద్ద చేప తగిలినప్పుడు నీ బ్యాటరీ అయిపోయింది. నీకు ఉండేదే రెండు గంటల ప్రాణం. పెట్టె తీసేసి నా వంక చూసి, "ఏందబ్బయా, ఇక్కడా కరెంటు పోయిందే?" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "పట్టిన చేపలతో పులుసు పెట్టమంటావా మామా?" అంది.

ఇక డబ్బులు పోసి కొన్న ఒక ఆట ఉంది. పదిహేడు వందల రూపాయలు. రాజ్యం, శాపం, మాయాఖడ్గం, ట్రైలరు చూస్తే ఒళ్లు పులకరించింది. నలభై నిమిషాల్లో ఒక గుహ దాటాను. దాటితే అక్కడ ఒక బోర్డు, మొదటి అధ్యాయం సమాప్తం, తరువాయి త్వరలో అని. శంకుస్థాపన జరిగిన వంతెన ముందు శిలాఫలకం చదువుతున్నట్టు అనిపించింది. ఆ త్వరలో ఇంకా రాలేదు. ఖడ్గం మాత్రం నా చేతిలోనే ఉంది.

ఇలా ఎందుకైందని తీరికగా ఆలోచించాను. తీరిక నువ్వే ఇచ్చావు. నీ లోపల ఉండేది ఫోన్ల జాతి చిప్పే. అది ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చొప్పున, సెకనుకు కనీసం 72 సార్లు గీయాలి. నేను తల తిప్పాక బొమ్మ ఆలస్యంగా తిరిగితే కథ మారిపోతుంది. చెవి లోపల ఉన్న తూకం తల తిరిగిందంటుంది, కళ్లు లేదు ఇంకా తిరగలేదంటాయి, ఈ తగాదాలో కడుపు తీర్పు చెబుతుంది. అందుకని ఆట చేసేవాడు చెట్టుకు ఆకులు కోసేస్తాడు, మనిషికి కాళ్లు తీసేస్తాడు, అలల్ని చదును చేసేస్తాడు. ఇంత కష్టపడి చేశాక కొనేవాళ్లు ఎంతమంది? ఫోను ఉన్నవాళ్లతో పోలిస్తే నీలాంటివి ఉన్నవాళ్లు గుప్పెడు. అందులో సగం మందివి బీరువాల మీదే ఉంటాయని నా అనుమానం. వచ్చిన నూటిలో 30 రూపాయలు అంగడివాడి వాటా. మిగిలిందాంట్లో రెండో అధ్యాయం ఎవడు రాస్తాడు?

గేటు సంగతి ఇంకా తమాషా. ఈ క్వెస్ట్‌లు చేసే మెటా, అదే ఒకప్పటి ఫేస్‌బుక్, వాళ్ల దుకాణంలో మొదట్లో కాపలా గట్టిగా ఉండేది, చాలామందిని గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. 2021 ఫిబ్రవరిలో యాప్ ల్యాబ్ అని బయట ఒక వసారా వేశారు. అందులో ఉన్నదాన్ని కొనాలంటే లింకు ఉండాలి, లేదా పేరు పొల్లు పోకుండా చెప్పాలి. పేరు ముందే తెలిసినవాడికే సరుకు చూపించే అంగడిని మా ట్రంకు రోడ్డులో నేనెక్కడా చూడలేదు. 2024 ఆగస్టులో ఆ గోడ కొట్టేశారు. మంచి పనే, కానీ వసారాలో ఉన్న జనమంతా ఒక్కసారిగా నట్టింట్లోకి వచ్చారు. మంచి ఆటను వెతకడమే ఇప్పుడు ఒక ఆట.

ఉన్నవాటిలో ఒకటి రెండు మాణిక్యాలు లేకపోలేదు. పాటకు తగ్గట్టు ఎగిరి వచ్చే డబ్బాల్ని కత్తులతో నరికే బీట్ సేబర్ ఉంది. 2018 నాటిది. చుట్టాలొస్తే ఇప్పటికీ అదే పెడతాం, పట్టుచీర ఒక్కటే ఉన్న ఇంట్లో ప్రతి పెళ్లికీ అదే కట్టినట్టు. 2019లో ఫేస్‌బుక్ ఆ ఆట చేసిన సంస్థనే కొనేసింది. పెళ్లిలో కూర బాగుందని వంటాయన్ని ఇంటికి తెచ్చిపెట్టుకున్నట్టు. అంతరిక్షంలో తేలుతూ బంతాట ఆడే ఎకో వీఆర్ మీద ప్రాణం పెట్టినవాళ్లు కొందరుండేవాళ్లు. దాన్ని 2023 ఆగస్టు 1న మూసేశారు.

నువ్వు మరీ చిన్నబుచ్చుకోవద్దు. మీ జాతిలో జమీందారు లాంటి ఆపిల్ విజన్ ప్రో 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్లకు వచ్చింది. అంత ఖరీదైన ఇంటి గృహప్రవేశానికి నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్, స్పాటిఫై మూడూ యాప్ పట్టుకురాలేదు. వెండి కంచం ముందు కూర్చున్నా అన్నం వడ్డించేవాడు రావాలి కదా.

నాకు కోపం ఎక్కడొస్తుందో చెప్పనా. నీకు చేతకాదంటే సరిపెట్టుకునేవాణ్ణి. చేతనవును. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దెలెక్కి చూసే ఊరు మాది. అంతరిక్ష కేంద్రంలో తేలినట్టు చూపించే యాప్ పెట్టుకుని ఓ రాత్రి భూమిని కింద చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. పక్కన మా అమ్మ ఉందన్నది మరిచిపోయాను. అంత చేయగలిగినదానివి, ఆమెను ఉదయగిరి కోట ఎక్కించలేవా? పులికాట్ నీళ్లలో ఫ్లెమింగోల మధ్య నిలబెట్టలేవా? తెలుగులో మాట్లాడే యాప్ నాకు నీ దగ్గర ఒక్కటీ దొరకలేదు. జాంబీ కూడా ఇంగ్లీషులోనే మూలుగుతుంది.

మొహర్రానికి స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగకు అందరం పోయాం. నీకు తెలియదు, చెబుతాను. బారాషహీద్ దర్గా పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె. కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. అది తీరినవాళ్లు తర్వాతి పండక్కి వచ్చి అదే పేరు రొట్టె ఇంకొకరికి ఇస్తారు. మా ఆవిడకు సొంతింటి రొట్టె ఇట్టే దొరికింది. మావాడు మంచి యాప్ రొట్టె కావాలని చెరువంతా తిరిగాడు. ఇచ్చేవాళ్లు ఒక్కరూ కనపడలేదు. తడిసిన ప్యాంటుతో వచ్చి, "ఎవురికీ తీరలేదంట నాయనా" అన్నాడు.

ఉంటాను. ముఖానికి తువ్వాలు కప్పి పెడుతున్నాను, మధ్యాహ్నం ఎండ బీరువా దాకా వస్తోంది.

ఇట్లు,
చేతిలో మాయాఖడ్గంతో గుహ అవతల నిలబడిపోయిన
నీ యజమాని