నాలుగు వందల ప్రాబ్లమ్స్ చేసినా నోరు పెగలకపోతే

మూడు వారాల కిందట శనివారం రాత్రి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ప్రొడక్ట్ కంపెనీ (సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ) ఇంటర్వ్యూ రెండో రౌండ్‌లో పోయిందట. "లీట్‌కోడ్‌లో 430 చేశానక్కా. వాళ్లడిగింది నేను చేసిన ప్రాబ్లమే. కోడ్ కూడా కరెక్ట్‌గానే రాశాను. అయినా రిజెక్ట్ చేశారు" అన్నాడు. గొంతు బొంగురుపోయింది పాపం. లీట్‌కోడ్ అంటే కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే వెబ్‌సైట్. నేను ఒక్కటే అడిగాను: "రాస్తున్నంతసేపూ వాళ్లతో ఏం మాట్లాడావురా?" కాసేపు మాట లేదు. "అంతా రాసేశాక చెబుదామనుకున్నా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆరేళ్ల కిందట నాకూ సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు వేరే కంపెనీల పని చేసిపెట్టే ఒక సర్వీస్ కంపెనీలో సపోర్ట్ ప్రాజెక్ట్‌లో ఉన్నాను. షిఫ్ట్ అయ్యాక హాస్టల్లో మిగతావాళ్లు పడుకుంటే, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని తెల్లవారుజామున రెండింటి దాకా ప్రాక్టీస్ చేసేదాన్ని. ఇంటర్వ్యూ రోజు ప్రశ్న చూడగానే దారి తెలిసిపోయింది. తల వంచి టైప్ చేయడం మొదలుపెట్టాను. దాదాపు పన్నెండు నిమిషాలు నోరు విప్పలేదు. మధ్యలో ఇంటర్వ్యూ చేస్తున్నాయన మూడుసార్లు "ఏం ఆలోచిస్తున్నారు?" అని అడిగాడు. అడిగినప్పుడల్లా నేనేదో తప్పు చేశానని కంగారుపడి, రాసింది చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం నాది. ఆలోచన తెలుగులో నడుస్తోంది, ఆయన ఇంగ్లీషులో అడుగుతున్నాడు, రెంటి మధ్యా నోరు పెగల్లేదు. మర్నాడు మెయిల్ వచ్చింది. ఆరు నెలల దాకా మళ్లీ అప్లై చేయడానికి లేదన్నారు.

ఇప్పుడు నేను అవతలి కుర్చీలో కూర్చుంటున్నాను. ఇప్పటికి నలభై, యాభై మందిని ఇంటర్వ్యూ చేసి ఉంటాను. ప్రతి ఇంటర్వ్యూ తర్వాత నేను ఫీడ్‌బ్యాక్ రాయాలి: ఈ మనిషి సమస్యను ఎలా విడదీశాడు, ఏ దారి ఎందుకు వద్దనుకున్నాడు, నేను చిన్న క్లూ ఇస్తే అందుకున్నాడా లేదా. నలభై ఐదు నిమిషాలు మౌనంగా రాసి, చివర్లో "డన్" అన్నవాళ్ల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదు. ఆ కోడ్ ఆలోచించి రాశారో, గుర్తుంచుకుని రాశారో నాకెలా తెలుస్తుంది? బాధేమిటంటే, అలా మౌనంగా ఉండిపోయేవాళ్లలో మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలే నాకు ఎక్కువగా కనిపిస్తారు. తెలివి తక్కువై కాదు. మాట్లాడటం వాళ్లకి ఎవరూ అలవాటు చేయలేదు.

ఎవరు చేస్తారు చెప్పండి? ఇంటర్ రెండేళ్లూ స్టడీ అవర్స్. పక్కవాడితో మాట్లాడితే నిలబెడతారు. ఆ తర్వాత ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, సరైన ఆప్షన్ పెడితే చాలు. ఎలా వచ్చింది అని అడిగేవాడు ఉండడు. బీటెక్‌లో సెమిస్టర్ పరీక్ష ముందు రోజు రాత్రి జిరాక్స్ మెటీరియల్. హైదరాబాద్ అమీర్‌పేటలోని సాఫ్ట్‌వేర్ కోర్సుల మీద నాకు గౌరవమే ఉంది, ఫీజు కట్టడానికి అప్పు చేసి వచ్చిన ఎంతోమందికి అన్నం పెట్టిన చోటు అది. కానీ అక్కడ కూడా ప్రశ్నలూ జవాబులూ కలిపిన కాగితాలే. అబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ తేడా ఏమిటి లాంటి ప్రశ్నలకి అవి సరిపోతాయి. ఇరవై ఏళ్లు జవాబు మాత్రమే అడిగి, ఒక్కసారిగా "ఎలా?" అని అడిగితే పిల్లలు బిగుసుకుపోరా?

ఈ భయాన్ని సొమ్ము చేసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అమ్మేవాళ్లంటే, ఇంటర్వ్యూలో మీ బదులు ఇంకొకరిని కూర్చోబెడతాం అనేవాళ్లంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. దొరికితే పోయేది ఆ పిల్లాడి భవిష్యత్తు. డబ్బు తీసుకున్నవాడికి ఏమీ కాదు.

అందుకే మా తమ్ముడికి ఒకటే చెప్పాను. ఈ నెల కొత్త ప్రాబ్లమ్ ఒక్కటి కూడా వద్దు. చేసినవే తియ్యి, పైకి మాట్లాడుతూ చెయ్యి. మొదట తెలుగులో.

ఆ ఆదివారమే వీడియో కాల్ పెట్టాం. అన్నిటికన్నా సులువైనదే ఇచ్చాను: ఒక లిస్టులో ఏ రెండు సంఖ్యలు కలిపితే మనకు కావాల్సిన మొత్తం వస్తుందో చెప్పాలి. వాడు టకటకా రాయబోతే ఆపాను. "కీబోర్డ్ వదిలేయ్. ముందు నాకు చెప్పు."

"ప్రతి జతనీ కలిపి చూడొచ్చక్కా. కానీ లక్ష సంఖ్యలుంటే దాదాపు 500 కోట్ల జతలవుతాయి. కుదరదు. అందుకే హాష్ మ్యాప్."

"హాష్ మ్యాప్ అంటే?"

తడబడ్డాడు. కాసేపు ఆలోచించి, "గుడి దగ్గర చెప్పుల స్టాండ్‌లో టోకెన్ లాంటిది. నంబర్ చూపిస్తే నేరుగా ఆ అరకే వెళ్లి తీస్తాడు, అన్ని చెప్పులూ వెతకడు" అన్నాడు. నాకెంత సంతోషమేసిందో! ఇంకా చెప్పుకుపోయాడు: "మొత్తం 20 కావాలి. ఇప్పుడు 7 దగ్గరున్నా. అంటే 13 కావాలి. 13 ఇంతకుముందు వచ్చిందా అని మ్యాప్‌లో చూస్తా." అని టక్కున ఆగాడు. "అక్కా, మొత్తం 14 అయితే? 7కి ఇంకో 7 కావాలి. ముందే మ్యాప్‌లో వేసేస్తే ఉన్న ఒక్క 7నే రెండుసార్లు వాడేస్తాను కదా. అందుకేనా ముందు వెతికి, ఆ తర్వాత వెయ్యాలి?"

ఆ ప్రాబ్లమ్ వాడు కనీసం పదిసార్లు చేసి ఉంటాడు. ఆ రెండు లైన్లు ఆ వరుసలోనే ఎందుకుండాలో ఆ రోజు వాడి నోటితో వాడికే తెలిసింది.

బైనరీ సెర్చ్ కూడా అంతే. వరుసలో పేర్చిన లిస్టుని ప్రతిసారీ మధ్యలో చూసి, అక్కర్లేని సగం వదిలేస్తూ వెతకడం అది. పది లక్షల్లో వెతకాలన్నా ఇరవై పోలికలు చాలు అని అందరూ చెబుతారు. మధ్య స్థానం కోసం మొదటిదీ చివరిదీ కలిపి రెండుతో భాగించే ఆ మామూలు లైన్‌లోనే, జావా అనే ప్రోగ్రామింగ్ భాష సొంత లైబ్రరీలో (దానితోపాటే వచ్చే రెడీమేడ్ కోడ్‌లో) ఏళ్ల తరబడి ఒక తప్పు ఉండిపోయింది. 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే దాని గురించి రాశారు. లిస్ట్ చాలా పెద్దదైతే ఆ రెండూ కలిపినప్పుడు వచ్చే మొత్తం 214 కోట్లు దాటిపోయి, ఇంటిజర్‌లో (సంఖ్యని దాచే చోటులో) పట్టక నెగటివ్ అయిపోతుంది. అంత పెద్ద ఇంజనీర్లకే కనబడని తప్పు బట్టీ పట్టినవాడికి ఎక్కడ కనబడుతుంది? "ఈ రెండూ కలిపితే ఎంత పెద్దది అవ్వొచ్చు?" అని పైకి అడుక్కునేవాడికి కనబడే అవకాశం ఉంది.

"ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే కదా" అంటారని తెలుసు. అవును, ఇంగ్లీషులోనే. తెలుగులో తడబడకుండా చెప్పగలిగిన దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టడం రెండు వారాల పని. తెలుగులోనే తేలని ఆలోచన ఇంగ్లీషులో అసలు తేలదు. గ్రామర్ తప్పు పోయిందని నేను ఎవరికీ మార్కులు తగ్గించలేదు.

ఇంకొకటి. చేసిన పని గురించి అడిగితే మనవాళ్లు "మేం చేశాం, మా టీమ్ చేసింది" అంటారు. నేను అనడం గొప్పలు చెప్పుకోవడమని మనకు ఇంట్లో నేర్పారు. ఆ సంస్కారం మంచిదే. కానీ అమెజాన్ లాంటి చోట 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ (ఎలా పనిచేయాలో చెప్పే సూత్రాలు) పెట్టుకుని, వాటిని బట్టి మీరు స్వయంగా ఏం చేశారో తవ్వి తవ్వి అడుగుతారు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి లాగ్స్ చూసింది మీరే అయితే, నేను చూశాను అని చెప్పండి. అది నిజం. నిజం చెప్పడానికి మొహమాటం దేనికి?

మా తమ్ముడికి వచ్చే గురువారం ఇంకో కంపెనీలో మొదటి రౌండ్ ఉంది. నిన్న పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, వీడు రోజూ రాత్రి పదింటికి మేడ మీదికెళ్లి ఒక్కడే ఏదేదో మాట్లాడుకుంటున్నాడే. నాకు టెన్షన్‌గా ఉంది" అంది.

"మాట్లాడుకోనీ పిన్నీ, ఆపకు" అన్నాను.